వచ్చే ఏటి రోగం

మా సంస్థ ఒకప్పుడు పట్టుపురుగుల రోగాల మీద పరిశోధన చేసేది. ఇప్పుడు అంతకంటే ముఖ్యమైన పని చేస్తోంది. పరిశోధన ఎంత ముఖ్యమో చెబుతోంది.

పాతరోజుల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మదనపల్లెకు పడమరగా, మల్బరీ తోటల మధ్య మూడు గదుల రేకుల షెడ్డు. అందులో ఒక మైక్రోస్కోపు, దాని వెనక దస్తగిరి సారు. రైతులు జబ్బుచేసిన పురుగుల్ని టిఫిన్ డబ్బాలో పెట్టుకుని బస్సు దిగేవాళ్లు. సారు ఒక పురుగును నలిపి, గాజుపలక మీద పూసి, ఒంటికన్నుతో చూసి, తలెత్తకుండానే చెప్పేవారు. "పాలరోగం. గది కడిగి మందు కొట్టు." లేదంటే, "ఇది గుడ్లలోనే ఉంది. ఆ గుడ్లు అమ్మినోడి గడప మళ్లీ తొక్కొద్దు." రైతు డబ్బాను కొళాయి కింద కడుక్కుని తిరుగు బస్సెక్కేవాడు. ఎవరూ ఫోటో తీసేవాళ్లు కాదు. దాన్నే పరిశోధన అనుకుంటూ చాలా ఏళ్లు వెళ్లదీశాం.

నా పేరు లోకనాథం. బీయస్సీ చదివి అక్కడ క్షేత్ర సహాయకుడిగా చేరాను. ఊళ్లు తిరిగి పురుగుల్నీ ఆకుల్నీ తెచ్చిపెట్టడం నా పని.

ఒక ఏడు నిధులిచ్చేవాళ్ల తరఫున నలుగురు సమీక్షకు వచ్చారు. అందులో పెద్దాయన మా డైరెక్టరు చిదానందమూర్తిగారిని అడిగాడు. "మీరు ఇన్నేళ్లలో కనుక్కున్నవి ఎవరెవరికి తెలుసు?"

"రైతులకు తెలుసండీ."

"రైతులకు కాక?"

చిదానందమూర్తిగారు సాయం కోసం కిటికీలోంచి బయటికి చూశారు. అక్కడా రైతులే ఉన్నారు.

"పురుగులకు కూడా రోంత తెలుసు," అన్నారు దస్తగిరి సారు, మైక్రోస్కోపు మీంచి తల తీయకుండా.

ఆ మాటను వాళ్లు రాసుకున్నారు. తర్వాత వచ్చిన నివేదికలో 'సంస్థలో దృశ్యమానత పట్ల తీవ్రమైన నిర్లిప్తత నెలకొని ఉన్నది' అని ఉంది. ఎంత కనుక్కున్నా ఫరవాలేదు, కనబడకపోతే మాత్రం వచ్చే ఏడు నిధులు కనబడవని దాని భావం.

అలా మాకు సమాచార, విధాన విభాగం వచ్చింది. దానికి అధిపతిగా హైదరాబాదు నుంచి శాల్మలి మేడం వచ్చారు. చురుకైన మనిషి. వచ్చిన మొదటివారమే మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి, "కనుక్కోవడం అనేది ప్రయాణంలో మొదటి అడుగు మాత్రమే. మీరంతా ఆ మొదటి అడుగు దగ్గరే నిలబడిపోయారు," అన్నారు. మేము కాళ్ల వైపు చూసుకున్నాం.

తర్వాత ఆవిడ మమ్మల్ని నడిపించారు. పురుగు పేగుల మీద జీవితం ధారపోసిన రామ్మోహనరావుకు పోస్టర్లలో అక్షరాల సైజు చూసే బాధ్యత ఇచ్చారు. ఆకుతెగుళ్ల ఆయన పత్రికలకు ప్రకటనలు రాయసాగాడు. నన్ను క్షేత్ర కథనాధికారిని చేశారు. ఇంతకుముందు ఊళ్లకు పోయి పురుగులు తెచ్చేవాణ్ని, ఇప్పుడు అనుభూతులు తేవాలి. దస్తగిరి సారును మాత్రం కదిలించలేదు. ఫోటోల్లో తెల్లకోటు వేసుకోవడానికి ఒకరైనా ఉండాలి కదా.

ప్రయోగశాలకు వెలుతురు బాగా వస్తుంది గనుక దాన్ని స్టూడియో చేశారు. మైక్రోస్కోపు అక్కడే ఉంది. సంస్థ ముద్ర ఉన్న వైపు కెమెరాకు కనబడాలని దాన్ని తిప్పి పెట్టడంతో కన్ను పెట్టి చూసే గొట్టం గోడవైపు పోయింది. షూటింగు లేని వేళల్లో దస్తగిరి సారు గోడకూ బల్లకూ మధ్య సందులోకి పక్కవాటుగా దూరి చూసేవారు. ఆ భంగిమ కూడా బాగుందని ఒకసారి ఫోటో తీశారు.

అన్నిటికంటే గొప్ప సంస్కరణ వార్షిక సందేశం. 'ఒకేసారి పది విషయాలు చెబితే జనం మనసుకు ఎక్కవు. ఏడాదికి ఒక్కటే చెప్పాలి' అని మేడం సిద్ధాంతం. కాబట్టి ఈ ఏడు శుభ్రత, వచ్చే ఏడు ఆకు, ఆపై ఏడు గుడ్లు. మూడేళ్లకూ పోస్టర్లు ఒకేసారి అచ్చయి వచ్చేశాయి.

"ఈ ఏడు ఆకు వల్ల రోగమొస్తే?" అని దస్తగిరి సారు అడిగారు.

"అది సందేశానికి బయటి రోగం అవుతుంది సార్," అన్నారు మేడం, ఓపికగా.

దానితోపాటు ఒకే గొంతు విధానం వచ్చింది. సంస్థ కనుక్కున్నది ఏదైనా సరే, బయటివాళ్లకు మాట, రాత, ఫోటో, ఫోను, వాట్సాప్, ఏ దారిలోనైనా సమాచార విభాగమే చెప్పాలి. శాస్త్రవేత్తలు అడగవచ్చు, వినవచ్చు, చెప్పకూడదు. అతిక్రమిస్తే ఉద్యోగం ఉండదు. దస్తగిరి సారు బావమరిదికి పట్టుపురుగులున్నాయి. పండక్కి అతను ఇంటికొస్తే సారు వానల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాత్రమే మాట్లాడి పంపారట.

ఇక శుభ్రతా రథం. ఒక చిన్న లారీకి రంగులు వేసి, పైన చీపురు పట్టుకున్న పెద్ద థర్మాకోలు పట్టుపురుగును నిలబెట్టాం. మైకులో పాట. వెనక, పక్క టౌను నుంచి అద్దెకు తెచ్చిన, దోమలకు కొట్టే పొగమిషను. బుస్సుమని తెల్లటి పొగ వదులుతూ ఊరేగేది.

"పొగ ఎందుకు మేడం?" అని అడిగాను.

"శుభ్రత కంటికి కనబడదు లోకనాథం గారూ. కెమెరాకు ఏదో ఒకటి కనబడాలిగా."

ఆ మిషనులో దోమల మందు ఉందా లేదా అని అడగడం ఎవరి పనో కొత్త వ్యవస్థలో ఇంకా తేలలేదు. పాత వ్యవస్థలోనైతే దస్తగిరి సారు అడిగేవారు. కానీ రథం సమాచార విభాగం కిందికి వస్తుంది.

గువ్వలగుట్టపల్లెలో రథానికి మంచి చోటు దొరికింది. రోడ్డువార, ఎప్పుడూ మా దగ్గరికొచ్చే రెడ్డెమ్మక్క మల్బరీ తోట. ఆకు అరచేయంత వెడల్పున, పచ్చగా మెరుస్తోంది. ఆ పచ్చదనం ముందు తెల్లపొగ ఎంత ముచ్చటగా ఉందంటే, మబ్బు పట్టిందని ఒకసారి, బర్రె అడ్డమొచ్చిందని ఒకసారి, మేడం మళ్లీ మళ్లీ తీయించారు. పొగంతా తోటలోకి పోయి రోడ్డు పక్క సాళ్ల మీద వాలింది.

ఆ వారంలోనే రెడ్డెమ్మక్క టిఫిన్ డబ్బాతో బస్సు దిగింది.

పాత అలవాటు కొద్దీ నేరుగా ప్రయోగశాలలోకి పోయింది. అక్కడ లైట్లు, గొడుగులు, ముఖానికి పౌడరు అద్దించుకుంటున్న చిదానందమూర్తిగారు. "తప్పయిపాయ, పెళ్లి ఫోటోలు తీస్తాండారేమో," అని వెనక్కి తిరిగింది. నేను చేయి పట్టుకుని, సందులో ఉన్న దస్తగిరి సారు దగ్గరికి తీసుకుపోయాను.

"సారూ, నాలుగో జ్వరం దాటినాయి. ఇంక నాలుగు దినాలుంటే గూడు కట్టేటివి. తల ఊపుకుంటా పసరు కక్కతాండాయి. సూడు."

పురుగు కుబుసం విడిచే ముందు తిండి మాని పడుకోవడాన్ని మావైపు జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటాక అవి తిండిబోతుల్లా మేస్తాయి. ఆకు పోసిన చోట వాన కురిసినట్టు చప్పుడవుతుంది. ఆ తర్వాత గూడు. పోతే అప్పుడు పోవడమే అన్నిటికంటే దారుణం, అప్పటిదాకా పెట్టిన ఆకంతా పెంట కుప్పకే.

సారు డబ్బాలోకి చూసి, "ఆకు యాడ కోస్తావమ్మా?" అన్నారు. అడగవచ్చు కాబట్టి అడిగారు.

"రోడ్డు పక్క సాళ్లు రోంత, బావి పక్క సాళ్లు రోంత. ఏం సారూ, ఆకులో ఉండాదా?"

సారు నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నారు.

"గది అయ్యుండదులే," అంది ఆమె తనలో తానే తర్కించుకుంటూ. "మీ బండి వచ్చి పాటలు పాడినప్పటినుంచి పొద్దుమానం కడగతానే ఉండా. నేల అరిగిపాయ. ఆకే అయ్యుంటాది. బావి పక్కన మా మరిది ఓబులేసు టమోటాకు మందు కొడతాడు, అది గాలికి వచ్చి పడతాండాదేమో. అయితే సారూ, బావి పక్కది మానేసి రోడ్డు పక్క ఆకే అంతా పోసేదా?"

దస్తగిరి సారు చేతిలోని గాజుపలక కింద పడి పగిలింది.

"ఒక్క దినం ఆగమ్మా," అన్నారు. "లోకనాథం వచ్చి రెండు పక్కల ఆకూ కోసుకొస్తాడు."

ఆమెను బస్సెక్కించడానికి పోయినప్పుడు దారిలో మిగతాది చెప్పింది. పోయిన రెండు పంటలూ నిలబడలేదు. ఇదీ పోతే ఓబులేసు ట్రాక్టరు పెట్టి మల్బరీ వేళ్లతో పెరికేసి ఆ చేను కూడా టమోటాలో కలుపుకుంటాడు.

"మా ఆయన పోయినాక ఆ ఇంట్లో నేను అన్నం తిని కూర్చున్న మనిషిని కాదని చూపించేది ఆ తోట ఒగటే నాయనా," అంది. "మల్బరీ అయితే నన్నడిగి నీళ్లు కడతారు. టమోటా అయితే నేను గంపలు మోసే దాన్ని. వాడు పంట ఎప్పుడు పోతాదా అని గదిలోకి తొంగి తొంగి చూస్తాండాడు. చెప్పులేసుకుని."

నేను రెండు పక్కల ఆకూ విడివిడిగా కోసుకొచ్చాను. డబ్బాలో ఇంకా హుషారుగా ఉన్న పురుగుల్ని సారు రెండు పళ్లేల్లో వేసి, ఒకదానికి బావి పక్క ఆకు, ఒకదానికి రోడ్డు పక్క ఆకు పెట్టారు. సాయంత్రానికి బావి పక్కవి వాన కురిసినట్టు మేస్తున్నాయి. రోడ్డు పక్కవి మెలికలు తిరిగి, కుంచించుకుపోయి, పసరు కక్కి పడున్నాయి.

వెంటనే సమావేశం పెట్టారు.

"రోడ్డు పక్క ఆకు మీద విషముంది," అన్నారు దస్తగిరి సారు. "దోమల మందు. మన రథం నుంచి."

శాల్మలి మేడం గోడమీది సందేశ క్యాలెండరు వైపు చూశారు. "ఆకు వచ్చే ఏడు కదా సార్?"

"అవునమ్మా. పురుగులు ఈ ఏడు చస్తున్నాయి."

"అదే సమస్య," అన్నారు చిదానందమూర్తిగారు. "క్షేత్రస్థాయి భాగస్వాములు మన ప్రణాళిక కంటే ముందుకు పోతున్నారు. ఆమె పురుగులకు వచ్చినది వచ్చే ఏటి రోగం. దీన్ని మనం కాదనడం లేదు. ఒక క్రమంలో పెడుతున్నాం."

"ఆమె రేపో ఎల్లుండో అంతా రోడ్డు పక్క ఆకే పోస్తుంది సార్," అన్నారు దస్తగిరి సారు. "అడిగిపోయింది కూడా. 'రోడ్డు పక్కది వద్దు' అని ఒక్క మాట చెబితే చాలు."

"ఒక్క మాటే కదా అని ఒక్కొక్కరూ చెప్పుకుంటూ పోతే, మనం ఇంత విభాగాన్ని ఎందుకు పెట్టుకున్నట్టు?" అన్నారు డైరెక్టరుగారు.

చాలా బలమైన వాదన.

మర్నాడు టౌను హోటల్లో విధాన సంవాదం ఉంది. శాఖ నుంచి పై అధికారి వస్తున్నారు. శుభ్రతా రథాన్ని మండలానికొకటి చొప్పున ప్రభుత్వమే నడపాలని మేము పుస్తకం వేశాం. దాన్ని ఆయన చేతుల్లో పెట్టాలి. అందుకని ఆ రోజు ఎవరి నోటా ఆకు అనే మాట రాకూడదని తీర్మానించారు. ముందుజాగ్రత్తగా మేడం హోటలుకు ఫోన్ చేసి, భోజనాలు అరిటాకుల్లో వద్దు, పళ్లేల్లో పెట్టండని చెప్పారు. తాంబూలం కూడా వద్దన్నారు.

"ఒక రైతు గొంతు కూడా వినిపిస్తే నిండుగా ఉంటుంది," అన్నారు చిదానందమూర్తిగారు. "ఆ రెడ్డెమ్మనే పిలుద్దాం. బాధలో ఉంది కాబట్టి సహజంగా ఉంటుంది."

పొద్దున్నే జీపు తీసుకుని గువ్వలగుట్టపల్లెకు పోయాం. ముందు సీట్లో మేడం, వెనక నేనూ రెడ్డెమ్మక్కా. ఆమె ఒళ్లో ప్లాస్టిక్ సంచి ఉంది.

"రాత్రికి ఇంకో తట్టెడు సచ్చినాయి నాయనా. రెండాకులూ కలిపే పోస్తాండా. ఈ మధ్యానానికి ఏదో ఒగటి తేల్చుకోవల్ల. సారు ఏమన్నాడు?"

ముందు సీట్లోంచి మేడం వెనక్కి తిరిగారు. "అమ్మా, అన్నీ వేదిక మీద వస్తాయి. మీరు చెప్పాల్సింది ఇదిగో. 'నా గది శుభ్రంగా లేనందువల్ల నా పురుగులు పోయాయి. రథం వచ్చి నా కళ్లు తెరిపించింది.' కళ్లలో నీళ్లొస్తే ఆపుకోవద్దు."

"నా గది శుభ్రంగానే ఉండాది కదమ్మా?"

"అది మీ ఒక్కరి సంగతి. మనం రైతులందరి తరఫునా మాట్లాడుతున్నాం."

రెడ్డెమ్మక్క నా వైపు చూసింది. నేను క్షేత్ర కథనాధికారిని. వినడం వరకే నా అధికారం. మేడం జడ నా మోకాళ్లకు తగిలేంత దగ్గర్లో ఉంది. "సారు కూడా వస్తారక్కా హోటలుకు," అన్నాను. "కానీ ఆయన నోటితో చెప్పడానికి లేదు."

"నోటితో లేదా," అంది ఆమె. ఒళ్లోని సంచి మూతి విప్పి లోపల ఏదో సర్దుకుంది.

సంవాదం వైభవంగా మొదలైంది. వేదిక మీద తెల్లగుడ్డ పరిచిన బల్ల, వెనక అధికారి, చిదానందమూర్తిగారు, శాల్మలి మేడం, చివర తెల్లకోటులో దస్తగిరి సారు. ఆయన ముందు మైకు పెట్టలేదు. అధికారి లేచి, "పట్టు పరిశ్రమలో సాధకబాధకాలను సమగ్ర దృక్పథంతో సమీక్షించుకుని, బహుముఖ వ్యూహంతో ఏకముఖంగా ముందుకు సాగవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది," అన్నారు. ఇంకా చాలా అన్నారు. ఆ తర్వాత మేడం, "ఇప్పుడు క్షేత్రస్వరం," అని రెడ్డెమ్మక్కను పిలిచారు.

ఆమె సంచితో సహా వేదికెక్కింది. మైకును రెండు చేతులతో పట్టుకుంది.

"అందరికీ దండాలు. మా గది శుభ్రంగానే ఉండాది. ఇప్పుడొచ్చినా చూడొచ్చు, ఈ హోటలు కంటే మేలు."

హాల్లో నవ్వులు. మేడం పెదాల మీద చిరునవ్వు అలాగే ఉంది, కళ్లలోది పోయింది.

"నా పురుగులు సగం పోయినాయి. సగం ఉండాయి. ఆ సగం బతకల్లంటే నాకు ఒగటి తెలియల్ల. అది ఈ సారుకు తెలుసు. ఈయన చెప్పకూడదంట."

చిదానందమూర్తిగారు గభాల్న మైకు అందుకున్నారు. "అమ్మా, శాస్త్రవేత్తలు మాట్లాడరు. వారి తరఫున మేము మాట్లాడతాం."

"మాట్లాడొద్దులే సామీ. నేనేం మాట్లాడమన్నానా?"

సంచిలోంచి రెండు మల్బరీ కట్టలు తీసి తెల్లగుడ్డ మీద పెట్టింది. ఒకటి నీలం గుడ్డపేలికతో కట్టింది, రెండోది పురికొసతో. మట్టి, ఆకురజను బల్లంతా రాలాయి. మేడం ముఖం పాలిపోయింది. ఆకు వేదికెక్కేసింది.

"పేలిక కట్టింది రోడ్డు పక్కది. పురికొస కట్టింది బావి పక్కది," అంది రెడ్డెమ్మక్క. "చూడండయ్యా, ఎంత మంచి బల్ల. నా చేత్తో చెత్త చేస్తి. శుభ్రత గురించి ఇంత పెద్ద సభ జరగతాంటే ఇట్ల ఉండొచ్చునా? దస్తగిరి సారూ, ఇందులో ఏది చెత్తో అది తీసి పారేయి సారూ, పుణ్యముంటాది."

దస్తగిరి సారు చిదానందమూర్తిగారి వైపు చూశారు. చిదానందమూర్తిగారు మేడం వైపు చూశారు. మేడం విధానాన్ని మనసులో ఒక్కసారి మననం చేసుకున్నట్టున్నారు. మాట, రాత, ఫోటో, ఫోను, వాట్సాప్. చెత్త పారేయడం అందులో లేదు. పైగా అది ఈ ఏటి సందేశం.

సారు లేచారు. పేలిక కట్టిన ఆకును రెండు వేళ్లతో ఎత్తి, ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని, వేదిక దిగి, మూలనున్న డస్ట్‌బిన్‌లో వేశారు. మూత పెట్టారు. పక్కనున్న కొళాయి కింద చేతులు కడుక్కున్నారు. రెడ్డెమ్మక్క వైపు చూసి మళ్లీ ఇంకోసారి కడుక్కున్నారు.

మొదట చప్పట్లు కొట్టింది శాల్మలి మేడమే. "చూశారా! శుభ్రత మాటల్లో కాదు, చేతల్లో!" ఫోటోగ్రాఫర్లు పరిగెత్తారు. పై అధికారి చలించిపోయి, తానూ లేచి తన ముందున్న కాగితపు కప్పును తీసుకుపోయి వేశారు. ఆయన వేశాక కిందివాళ్లు ఊరుకోరు. వేదిక ముందు వరసంతా డస్ట్‌బిన్ దగ్గర నిలబడి ఫోటోలు దిగింది. చేతిలో చెత్త లేనివాళ్లు మేము పంచిన విధాన పుస్తకాలు వేశారు.

ఉత్సాహంలో ఒకాయన పురికొస కట్టను కూడా ఎత్తుకోబోయాడు. రెడ్డెమ్మక్క లాక్కుంది.

"ఇది చెత్త కాదు సామీ. ఇది తిండి," అని సంచిలో వేసుకుని, భోజనానికి ఆగకుండా దొరికిన ఆటో ఎక్కేసింది.

ఆ మధ్యాహ్నం నుంచి ఆమె బావి పక్క ఆకే పోసింది. చాలకపోతే పొరుగూరి చుట్టాల తోటలో కోసుకొచ్చింది. అప్పటికే విషం తిన్నవి తిన్నట్టే పోయాయి. మిగిలినవి గూళ్లు కట్టడానికి చంద్రికలెక్కాయి. ఆ వెదురు చుట్ల మీద తెల్లగా, గట్టిగా, వేలితో కొడితే టక్కుమనే గూళ్లు. ఓబులేసు మాట్లాడి పెట్టిన ట్రాక్టరు వచ్చి ఇంటి ముందు నిలబడింది. రెడ్డెమ్మక్క ఆ గూళ్లను బస్తాల్లో నింపి, ట్రాక్టరు ఎట్లాగూ వచ్చింది కదా అని అందులోనే మార్కెట్టుకు పంపించింది. ఓబులేసే తోలుకుపోయాడు.

మా సంస్థకూ కలిసొచ్చింది. డస్ట్‌బిన్ దగ్గర దస్తగిరి సారు ఫోటో విధాన పుస్తకం కొత్త ముద్రణ అట్టమీదికి ఎక్కింది. రథాలకు ప్రభుత్వం ఒప్పుకుంది. మండలానికొకటి. పొగమిషన్లు కొత్తవి, ఇంకా ఎక్కువ పొగ వదులుతాయి. సారుకు ఉత్తమ సందేశకర్త అని శాలువా కప్పారు.

సభ సంగతి ఊళ్లలో పాకింది. ఇప్పుడు రైతులు ప్రయోగశాలకు వచ్చి ఏమీ అడగరు. ఆకు కట్టో, గుడ్లు అంటిన అట్టో, గది మట్టి పొట్లమో, అనుమానమున్నవన్నీ సారు బల్ల మీద పెట్టి, "సారూ, మీ బల్ల చెత్తగా ఉండాది," అని చేతులు కట్టుకుని నిలబడతారు. సారు సందులోకి దూరి పనిచేసుకుని, కాసేపటికి బయటికొచ్చి బల్ల శుభ్రం చేస్తారు. ఏది డస్ట్‌బిన్‌లో పడిందో చూసుకుని వాళ్లు బస్సెక్కుతారు. ఇంత శుభ్రమైన బల్ల ఈ సంస్థలో ఇంకొకటి లేదని మేడం వచ్చినవాళ్లందరికీ చూపిస్తుంటారు.

పోయిన వారం నన్ను రథంతో మళ్లీ గువ్వలగుట్టపల్లెకు పంపారు. రెడ్డెమ్మక్క విజయగాథ తీయాలి. ఆమె తోట ముందు, పొగ వదులుతూ.

ఊరి మలుపు దగ్గర డ్రైవరు బ్రేకు వేశాడు. రోడ్డుకు అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివరకు బెత్తెడు వెడల్పున తెల్లగా సున్నం చల్లి ఉంది. పురుగులున్న గది గడప ముందు సున్నం చల్లి, బయటివాళ్లను దానికి అవతలే నిలబెట్టడం పట్టు రైతుల పద్ధతి. రోగం కాళ్లతో లోపలికి రాకుండా. వీళ్లు గదిని వదిలేసి ఊరు మొత్తానికే గడప కట్టారు.

గీతకు అవతల రెడ్డెమ్మక్క, ఇంకో పదిమంది ఆడవాళ్లు. పక్కన సున్నం గంప నెత్తిన పెట్టుకుని ఓబులేసు.

"ఏం ఓబులేసన్నా, నువ్వు గంప మోస్తున్నావే?" అన్నాను.

"వదిన మోయమన్నాది, మోస్తాండా," అన్నాడు, నా ముఖంలోకి చూడకుండా.

"నాయనా లోకనాథం, నువ్వు రా, కాఫీ తాగుదువు," అంది రెడ్డెమ్మక్క. "కాళ్లు కడుక్కుని రా. ఆ చొక్కా కూడా ఇప్పి బండిలో పడేసి రా, పొగ కంపు కొడతాండాది. బండి మాత్రం ఆడ్నే ఉండల్ల."

"తోట ముందు నువ్వు నవ్వుతుంటే తీయమన్నారక్కా."

"నవ్వు కావల్లంటే నేనే గీత దాటి నీ కాడికి తెస్తా. ఎంత కావల్లో అంత నవ్వతా. పొగను మాత్రం లోపలికి తేవద్దు."

అలాగే గీత ఇవతలికి వచ్చి, థర్మాకోలు పురుగు పక్కన నిలబడి నవ్వింది. బాగా నవ్వింది. వెనకాల గీత, గీతకవతల ఆడవాళ్లు, వాళ్ల వెనక దూరంగా పచ్చటి తోట. నేను కాళ్లు కడుక్కుని, బనీనుతో పోయి కాఫీ తాగి వచ్చాను.

ఫోటో చూసి చిదానందమూర్తిగారు కుర్చీలోంచి లేచారు. ఒక ఊరు ఊరంతా తనకు తానుగా రోడ్డుకు సున్నం వేసుకోవడం ఆయన ఊహించనిది. "ఇదీ ప్రభావమంటే!" అన్నారు. దాన్ని నిధులిచ్చేవాళ్లకు పంపుతూ, పక్కన రాయడానికి నన్నడిగారు.

"ఈ గీత ఎందుకు గీశారటయ్యా?"

"శుభ్రత కోసమేనండీ."

దేని నుంచి శుభ్రత అని ఆయన అడగలేదు. అడగనిదానికి చెప్పే అధికారం క్షేత్ర కథనాధికారికి లేదు.